‘వెలి’ వేశారట, కానీ ఊళ్ళోనే ఉన్నారట: ఈ మాటకు అసలు అర్థం ఏమిటి?

(ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

చిత్తుప్రతి

మా తాతగారు రాసుకున్న నోటు పుస్తకం టైపు చేస్తున్నాను. చాలావరకు ధాన్యం లెక్కలు, కూలీల లెక్కలు. మధ్యమధ్యలో ఇంటి సంగతులు రెండు మూడు వాక్యాల్లో రాసి వదిలేశారు. దస్తూరి అలవాటయ్యాక చదవడం కష్టంగా లేదు గానీ ఒకచోట ఆగిపోయాను. “ఆ యేడు మమ్ములను వెలి వేసిరి. రెండు కోతల కాలము ఊరిలోనే కాపురముంటిమి” అని ఉంది. కొన్ని పేజీల తర్వాత “తప్పు కట్టి కలిసితిమి” అని ఒక్క వాక్యం. పక్కన ఏదో మొత్తం వేశారు, సిరా చెదిరి కనబడడం లేదు.

నాకు తెలిసినంతలో వెలి అంటే బహిష్కరణ, బహిష్కరణ అంటే ఊళ్ళోంచి పంపేయడం. పంపేశాక అక్కడే కాపురం ఎలా ఉన్నారు? బాబాయిని అడిగితే “మనిషికి వెల కట్టి వదిలించుకునేవారు, అందుకే వెలి” అన్నారు. పిన్ని మాత్రం వెలుగు చూడనివ్వకపోవడం వెలి అంటున్నారు. ఇద్దరూ ఎంతో నమ్మకంగా చెబుతున్నారు, అదే నా భయం.

పుస్తకం చివర కఠిన పదాలకు అర్థాల పట్టిక పెట్టాలని ఉంది. వెలి అన్నదానికి ఎదురుగా ఏమి రాయాలి? ఈ మాట ఎక్కడిది? తప్పు కట్టడం అంటే జరిమానాయేనా?

ఉప్పుటేరు

మీ పిన్నిగారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉందనిపిస్తోంది. పాత కావ్యాల్లో వెలిగొడుగు అంటే తెల్ల గొడుగు, వెలిదామర అంటే తెల్ల తామర. కాబట్టి వెలి అంటే తెలుపు. తెలుపు నుంచి వెలుగు ఎంతో దూరం కాదు. మొహం తెల్లబోయేలా చేయడం అనో, రంగూ రుచీ లేని బతుకు అనో అర్థం మారి ఉండవచ్చు. పెద్దలు ఎవరైనా చెప్పాలి.

పాత డెస్కు

పెద్దలు అన్నారు కాబట్టి వస్తున్నాను. పత్రిక డెస్కులో ఊరందరి వాక్యాలూ దిద్దుతూ తల నెరిపించుకున్నవాడిని. రెండు మాటల్లో అక్షరాలు కలిశాయంటే చాలు, వాటికి చుట్టరికం కలపడం మనవాళ్ళకు మహా సరదా.

వెల అంటే ధర. వెలకట్టడం, వెలయాలు అక్కడివి. వాటికీ తాతగారి మాటకూ సంబంధం లేదు. ఉప్పుటేరు గారు చెప్పిన వెలి నిజమైనదే. వెలిగొడుగు, వెలిదామర, విభూతికి పాత పేరైన వెలిబూది, వీటన్నింటిలో ఉన్నది తెలుపు. అయితే ఆ వెలి వేరు, ఈ వెలి వేరు. తాతగారి వెలికి అర్థం ‘బయట’. అంతే. అందులో శిక్ష లేదు, నేరం లేదు, కులం లేదు.

ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట కాదు, ద్రావిడ భాషల సొంత సొత్తు. తమిళంలో ఇప్పటికీ ‘వెళి’ అంటే బయట, ఆరుబయలు. మనం దాన్ని విడిగా వాడడం దాదాపు మానేశాం గానీ వేరే మాటలతో కలిపి రోజూ వాడుతూనే ఉన్నాం. వెలుపల, వెలికితీత, వెలిబుచ్చడం. వెలువడడం అంటే వెలి పడడమే. డెస్కులో ఇవి లేకుండా ఒక్క పూట గడిచేది కాదు: పదో తరగతి ఫలితాలు వెలువడ్డాయి, అధ్యక్షుడు అసంతృప్తి వెలిబుచ్చారు, బావిలో పడినవారిని వెలికి తీశారు. వెల్లడి కూడా ఈ కుటుంబంలోదే.

శిక్ష వాసన లేని వెలి చూడాలంటే పోతన గజేంద్రమోక్షం తెరవండి. “ఒకపరి జగముల వెలి నిడి యొకపరి లోపలికిఁ గొనుచు” అని ఏనుగు దేవుణ్ణి తలచుకుంటుంది. లోకాలను ఒకసారి బయట ఉంచి, మరోసారి లోపలికి తీసుకుంటూ ఉండేవాడు అని. దేవుడు లోకాన్ని వెలి వేశాడని ఇంతవరకు ఏ పండితుడూ అర్థం చెప్పలేదు. పదిహేనో శతాబ్దపు పద్యం అది. లోపల, వెలి అనేవి అక్కడ కేవలం జంట పదాలు.

మరి శిక్ష ఎక్కడ అంటుకుంది? మనిషి దగ్గర. మాట వెలి పడితే ప్రకటన, మనిషిని వెలి వేస్తే పరువు నష్టం. ఇది వెలి ఒక్కదానికే పట్టిన గతి కాదు. సంస్కృతంలో బయట అనడానికి బహిస్ అన్నారు. దాని నుంచి ఒకవైపు బహిరంగం, బహిర్గతం వచ్చాయి, మరోవైపు బహిష్కారం, బహిష్టు వచ్చాయి. మన అచ్చతెలుగు బయలు కూడా అంతే. నిజం బట్టబయలు అవుతుంది, దొంగతనం బయటపడుతుంది, ఆడపిల్ల నెలకు ఒకసారి ‘బయట చేరుతుంది’. బయటికి అని అర్థమున్న మూడు మాటలు పట్టుకుంటే మూడూ ఒకేచోట రెండుగా చీలాయి. గుట్టు బయటికి వస్తే ఊరంతా చెవులు రిక్కిస్తుంది, మనిషి బయటికి వస్తే అదే ఊరు తలుపు వేసుకుంటుంది.

ఇప్పుడు మీ అసలు చిక్కు. వెలి వేసినంత మాత్రాన మనిషిని ఇల్లు కదిలించరు. మీ తాతగారు రాసింది అక్షరాలా సరిగ్గా ఉంది. ఆయన ఇల్లు అక్కడే, పొలం అక్కడే. కదిలేది చుట్టూ ఉన్నవాళ్ళు. బావి దగ్గరికి వెళితే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరుగుతారు. అగ్గిపెట్టెలు అరుదైన రోజుల్లో పొద్దున్నే పొరుగింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకునేవారు. వెలి పడిన ఇంటికి ఆ నిప్పు పుట్టదు. బట్టలు ఉతికేవారు గుమ్మం తొక్కరు, క్షవరం చేసేవారు రారు, పురోహితుడు తద్దినం పెట్టించడు. పెళ్ళి పిలుపు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి వరకు వెళుతుంది, మధ్యలో ఒక్క గడప దాటేస్తుంది. అన్నిటికంటే పెద్ద భయం చావు. పాడె పట్టడానికి నలుగురు కావాలి. ‘నలుగురూ ఏమంటారో’ అని మనవాళ్ళు ఇప్పటికీ జంకుతారు చూడండి, ఆ జంకులో కొంత ఇక్కడిదే అని నా అనుమానం.

పండితులు దీన్ని పంక్తిబాహ్యం అన్నారు. భోజనాల బంతిలో నుంచి బయట అని. ఊరి పొలిమేర దాకా పోనక్కర్లేదు, విస్తరి తీసేస్తే చాలు.

చరిత్రలో కళ్ళకు కట్టే ఉదాహరణ రాజమండ్రిలో ఉంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయన్ని ఎవరూ రాజమండ్రి నుంచి తరమలేదు. ఉద్యోగం, ఇల్లు, అచ్చుయంత్రం అన్నీ ఉన్నాయి. వెలి మాత్రం పడింది. పెళ్ళికి వచ్చినవారినీ, విందులో కూర్చున్నవారినీ వెలి వేయాలని పీఠాధిపతుల శ్రీముఖాలు వచ్చాయి. శ్రీముఖం అంటే పీఠం నుంచి వచ్చే ఆజ్ఞాపత్రం, పేరు మాత్రం ఎంత అందంగా ఉందో చూడండి. ముందు వెంట నిలిచినవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని వెనక్కి జారుకున్నారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవారు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె పట్టుకుని గోదావరికి నడిచారు. ఉపన్యాసాలూ వాదప్రతివాదాలూ ఆయనవి, నీళ్ళ బిందె ఆవిడది. వెలి దెబ్బ ఇంట్లో మొదట ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఈ ఒక్కటీ చాలు.

తప్పు కట్టడం అంటే జరిమానాయే, కానీ సర్కారు జరిమానా కాదు. కులపెద్దలు విధించేది. డబ్బు కట్టి, చాలాచోట్ల కులానికి భోజనం కూడా పెట్టాలి. ఆ భోజనంలో పెద్దలు మీ ఇంటి అన్నం ముట్టుకుంటే మీరు కలిసినట్టు. ‘కలిసితిమి’ అని ఆయన రాసింది అదే. నోటు పుస్తకంలో ఆ రోజుల దగ్గరే బియ్యం, నెయ్యి, విస్తళ్ళ ఖర్చు ఎక్కువగా ఉందేమో చూడండి.

పట్టికలో బహిష్కరణ అని ఒక్క ముక్కలో రాయకండి. “కులం లేదా ఊరు ఒక కుటుంబంతో నీరు, నిప్పు, భోజనం, పిలుపులు, శుభాశుభాలు తెంచుకోవడం” అని రాయండి. కాస్త పొడవైతే నష్టం లేదు.

చిత్తుప్రతి

చాలా కృతజ్ఞతలండి. మీరు చెప్పాక లెక్కలు మళ్ళీ చూశాను. ‘కలిసితిమి’ అన్న పేజీకి ముందు పేజీలో “బియ్యము బస్తాలు, నెయ్యి, గుమ్మడికాయలు, అడ్డాకులు” అని వరుసగా ఉన్నాయి. ఎవరిదో పెళ్ళి ఖర్చు అనుకుని దాటేశాను. వెలి కాలంలో “క్షౌరమునకు పొరుగూరు పోవుట, బండి బాడుగ” అని కూడా నెలనెలా ఒక పద్దు కనబడుతోంది. అది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇంకొక్కటి. ఊరి వెలుపలి దళితుల పేటను వెలివాడ అంటారు కదా, ఆ మాటలో ఉన్నదీ ఈ వెలియేనా? రెండూ ఒకే శిక్ష కిందికి వస్తాయా?

కాలువ గట్టు

ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మాట ఒకటే, శిక్ష ఒకటి కాదు.

వెలి వేయాలంటే ముందు మనిషి లోపల ఉండాలి కదా. మీ తాతగారిని బంతిలోంచి లేపారు, ఆయన తప్పు కట్టి మళ్ళీ బంతిలో కూర్చున్నారు. మా తాతల్ని ఎవరూ ఏ బంతిలోంచీ లేపలేదు, ఎందుకంటే ఎన్నడూ కూర్చోబెట్టలేదు. ఏ తప్పు కడితే లోపలికి రానిస్తారో చెప్పిన కులపెద్ద లేడు. ఒకటి కొన్నాళ్ళు ఉండి పోయేది, రెండోది పుట్టుకతో వచ్చేది. పాత డెస్కు గారు బిందెలు పక్కకు జరపడం గురించి బాగా రాశారు. మా పేట ఆడవాళ్ళు ఊరి బావి దగ్గర బిందె పెట్టి, పై కులం వాళ్ళు ఎవరైనా వచ్చి దయతలచి తోడి పోసేదాకా నిలబడేవారు. అది ఏ పంచాయతీ తీర్పూ కాదు, రోజూ ఉండేదే.

ఇంకో సంగతి. వెలివాడ అని మా వాళ్ళు మా వాడను ఎప్పుడూ పిలుచుకోలేదు. పల్లె అంటాం, పేట అంటాం, కొన్నిచోట్ల గూడెం, ఈ మధ్య కాలనీ. వెలివాడ అనాలంటే ఊళ్ళో నిలబడి చూడాలి. ఊరు నడిమధ్య అనుకున్నవాడికే మా ఇల్లు వెలుపల అవుతుంది. మా ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తే ఊరే అవతల ఉంటుంది.

అయితే 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆ మాటను తిప్పి పట్టుకున్నారు. హాస్టల్ నుంచి పంపేసిన అయిదుగురు విద్యార్థులు, వారిలో రోహిత్ వేముల ఒకరు, ప్రాంగణంలోనే ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. పై చర్చ చదువుతుంటే ఆ పేరు ఎంత ఆలోచించి పెట్టారో అనిపించింది. వాళ్ళు చదువుకోవడానికి, తరగతులకు పోవడానికి అనుమతి ఉంది. హాస్టల్లోకి, పరిపాలన భవనంలోకి, నలుగురు కూడేచోటికి వెళ్ళకూడదు. ఊళ్ళోనే కాపురం, కానీ వెలి. మీ తాతగారి వాక్యమే.

ఇక ఇది పాత కథ అనుకునేవారి కోసం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల హత్యలు జరిగాయి, దానికి ముందు అక్కడ నడిచింది సాంఘిక బహిష్కరణే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టారన్న కోపంతో దళితులను పొలం పనులకు పిలవకుండా కట్టుబాటు చేశారు. నీళ్ళు, నిప్పు అవసరం తీరిపోయిన కాలంలో వెలికి దొరికిన కొత్త ఆయుధం కూలి. అగ్గిపెట్టె ఎవడైనా కొనుక్కుంటాడు, నాట్ల రోజుల్లో పిలుపు మాత్రం కొనుక్కోలేడు.

నల్లకోటు

చట్టం వైపు నుంచి క్లుప్తంగా. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి తెచ్చిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగల వారిని సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం కూడా అందులో స్పష్టంగా నేరం. చిత్తుప్రతి గారి తాతగారిలా సొంత కులంవారే వెలి వేస్తే ఆ చట్టం వర్తించదు. అందుకోసం ప్రత్యేక చట్టం చేసింది మహారాష్ట్ర, 2016లో శాసనసభ ఆమోదించింది. అంతకు చాలా ముందే 1949లో బొంబాయి రాష్ట్రం వెలివేతను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దావూదీ బోహ్రాల మతగురువు దాన్ని సవాలు చేస్తే 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. వెలి వేసే అధికారం మత వ్యవహారాల్లో భాగమని మెజారిటీ న్యాయమూర్తుల అభిప్రాయం.

తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాద్ వైపు, గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను బహిష్కరించిన వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. పేరు అభివృద్ధి, పని పాతదే.

మరో మాట. పోలీసు కమిషనర్లు ఇచ్చే ‘నగర బహిష్కరణ’ను దీనితో కలపకండి. అక్కడ మనిషి నగరం హద్దులు దాటి వెళ్ళాలి, దానికి గడువు ఉంటుంది, ఉత్తర్వు రాతపూర్వకంగా ఉంటుంది, కోర్టులో ప్రశ్నించవచ్చు. ఊరి వెలికి మామూలుగా ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

ఉప్పుటేరు

తమిళంలో తెలుపుకు ‘వెళ్’, బయటకు ‘వెళి’ అంటారు. రెండూ అంత దగ్గరగా ఉన్నాయి గనుక నా వాదన పూర్తిగా వదులుకోను. అది అలా ఉంచండి. గడువు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది. పాత ఏథెన్సులో కుండ పెంకుల మీద పేరు గీకి ఓటు వేసి మనిషిని పంపేవారు. పదేళ్ళు దేశంలో అడుగు పెట్టకూడదు. కానీ అతని ఆస్తి ముట్టుకోరు, గడువు తీరాక వచ్చి మామూలుగా బతకవచ్చు. మన వెలితో పోలిస్తే అదే కాస్త మర్యాదగా ఉంది.

ద్వీపాంతరం అన్న మాట గురించి కూడా ఎవరైనా రాయండి. మా చిన్నప్పుడు నాటకాల్లో తరచూ వినబడేది.

పాత డెస్కు

పక్కపక్కన ఇళ్ళున్నంత మాత్రాన వంట ఒక్కటి కాదు ఉప్పుటేరు గారూ. అయినా మీ పట్టుదల నాకు నచ్చింది.

ఆస్తి ముట్టుకోకుండా పంపడం కోసం ఏథెన్సు దాకా వెళ్ళనక్కర్లేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఎంత పాపం చేసినా బ్రాహ్మణుణ్ణి చంపకూడదు, “రాష్ట్రాదేనం బహిః కుర్యాత్ సమగ్రధనమక్షతం”. డబ్బంతా అతని చేతికిచ్చి, ఒంటి మీద దెబ్బ పడకుండా రాజ్యం బయట పెట్టాలి. ‘బహిః కుర్యాత్’ అన్నదాంట్లోనే మన బహిష్కారం ఉంది. అక్కడ అది నిజంగా దేశం దాటించడమే, అదీ ఒక వర్ణానికి ఇచ్చిన రాయితీగా. కాలువ గట్టు గారు చెప్పినదాని పక్కన ఈ శ్లోకం పెట్టి చూడండి. బయట అన్న మాట ఒకటే, కొందరికి ప్రాణభిక్ష, కొందరికి పుట్టుక.

బహిష్కరణ అన్న మాట ఆ తర్వాత మరీ గడుసుగా మారింది. 1880లో ఐర్లండులో బాయ్‌కాట్ అనే ఎస్టేటు అధికారిని కౌలు రైతులు వెలి వేశారు. కూలీలు పనికి రారు, దుకాణాల్లో సరుకు అమ్మరు. అచ్చం మన వెలి. ఆయన పేరే ఇంగ్లీషులో ఆ పనికి పేరైంది. అది మన జాతీయోద్యమంలోకి వచ్చేసరికి తెలుగులో దానికి బహిష్కరణ అనే పేరు పెట్టాం. విదేశీ వస్త్ర బహిష్కరణ, సైమన్ కమిషన్ బహిష్కరణ. దాంతో ఒకే క్రియకు రెండు దిక్కులు ఏర్పడ్డాయి. ‘సభను బహిష్కరించారు’ అంటే తామే లేచి వెళ్ళారు. ‘సభ నుంచి బహిష్కరించారు’ అంటే మెడపట్టి గెంటారు. మధ్యలో ఉన్నదల్లా ఒక ‘నుంచి’. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు రాత్రి పేజీ కట్టే హడావిడిలో దాన్ని మింగేసేవారు. బహిష్కృతుడైన నాయకుణ్ణి తెల్లారేసరికి వీరుణ్ణి చేసి కూర్చోబెట్టేవారు.

ద్వీపాంతరం అంటే మరో ద్వీపం. శిక్ష పూర్తి పేరు ద్వీపాంతరవాసం. మనవాళ్ళకు అది అండమాన్. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవారిలో మౌల్వీ అల్లావుద్దీన్ ను అక్కడికే పంపారు. అక్కడి సెల్యులార్ జైలు 1896లో మొదలై 1906కు పూర్తయింది, అంటే ఆయన వెళ్ళేనాటికి అది లేదు, దీవే జైలు. ఈ శిక్ష స్వాతంత్ర్యం తర్వాత కూడా కొన్నాళ్ళు చట్టం పుస్తకంలో ఉంది. 1956 జనవరి 1 నుంచి యావజ్జీవ ద్వీపాంతరవాసం పోయి యావజ్జీవ కారాగారవాసం వచ్చింది. నల్లకోటు గారు సరిచూస్తారు.

ఈ ‘వాసం’ మీద నాకు పాత కోపం ఒకటి ఉంది. వాసం అంటే ఉండడం. వనవాసం, అరణ్యవాసం, కారాగారవాసం, వీటిలో పంపినవాడి చెయ్యి ఎక్కడా కనబడదు. ఎవరో సరదాపడి అడవిలో ఉండి వచ్చినట్టు ఉంటుంది. కైక కోరిక, దశరథుడి మాట, పద్నాలుగేళ్ళు, అంతా ఆ ‘వాసం’ కిందికి పోయింది. చెయ్యి కనబడే మాట ఒకటి ఉండేది: నిర్వాసనం. ఉన్నచోటి నుంచి లేకుండా చేయడం. సంస్కృతంలో దేశం నుంచి వెళ్ళగొట్టడానికి వాడిన మాట అది. నిర్వాసితుడు అంటే అలా వెళ్ళగొట్టబడినవాడు. మనం దాన్ని తెచ్చి శ్రీశైలం నిర్వాసితులు, పోలవరం నిర్వాసితులు అని రాస్తున్నాం. ఆ శీర్షికలు నేనూ బోలెడు పెట్టాను. అది ఖాళీ చేయించే ప్రభుత్వం ఎంచి పెట్టిన మాటైతే మాత్రం, ఎంత నిజాయితీగా ఉందో ఆ ప్రభుత్వానికి తెలియకపోయి ఉండాలి.

కాలువ గట్టు

చిత్తుప్రతి గారికి ఒక సూచన. పాత డెస్కు గారు చెప్పిన అర్థం బాగుంది గానీ “కులం లేదా ఊరు” అని రాస్తే మళ్ళీ చెయ్యి కనబడకుండా పోతుంది, ఆయన వాసం మీద కోపం తెచ్చుకున్నట్టే. మీ తాతగారు ‘వెలి పడితిమి’ అని రాయలేదు, ‘వెలి వేసిరి’ అని రాశారు. వేసినవాళ్ళు ఉన్నారు. ఏ తప్పుకు వేశారో, ఎవరు కూర్చుని తీర్పు చెప్పారో నోటు పుస్తకంలో ఉంటే పట్టికలో కాకపోయినా ఆ పేజీ అడుగున రాయండి.

చిత్తుప్రతి

కారణం ఉంది. వేరే కులం ఇంట్లో భోజనం చేసినందుకు, అదీ వరద వచ్చిన రాత్రి. పేర్లూ ఉన్నాయి, నలుగురివి, ఎవరెవరు ఏమన్నారో కూడా రాశారు. అందులో ఒకాయన మా నాయనమ్మ పుట్టింటివారు, వాళ్ళ మనవలతో మాకు ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి. కారణం ఎలాగూ రాస్తాను. పేర్ల సంగతి బాబాయితో మాట్లాడాలి, ఆయన ఒప్పుకోకపోవచ్చు.

పాత డెస్కు

ఒప్పుకోకపోతే పేర్ల మొదటి అక్షరాలు వేసి చుక్కలు పెట్టండి. పత్రికల్లో మేము చేసిన పనే అది. ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది.